విద్యుత్తు కారు: కొనుటకు ఇది సమయమేనా?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గ్రామములందు ఈ నడుమ ఒక క్రొత్త తర్కము ఇంటింట వినవచ్చుచున్నది. కుమారుడు బెంగుళూరు నుండియో హైదరాబాదు నుండియో వచ్చి, "నాయనా, పెట్రోలు కారు వలదు, కరెంటు కారు కొందము. ఖర్చు నాలుగవ వంతు కూడ కాదు" అనును. ఇంటి యిల్లాలు, "ఉన్న నగలు ప్రొద్దుటూరు బజారులో కుదువపెట్టి తెచ్చుకొనవలసినంత అవసరమేమి వచ్చినది?" అని అడుగును. పొరుగువాడు, "ఇంకొక రెండేండ్లు తాళుడు, సగము ధరకు వచ్చును" అని సలహా చెప్పును. కుమారుని మాట అబద్ధము కాదు. ఇల్లాలి మాట తీసివేయదగినది కాదు. పొరుగువాని మాటలోను కొంత సత్యము కలదు. తుదకు డబ్బు తీసి యిచ్చువాడు ఇంటి పెద్ద గావున, ఆ పెద్ద దేనిని చూచి నిర్ణయింపవలెనో యోచించుటయే నేటి ప్రసంగ విషయము.

నా అభిప్రాయమును ముందే మనవి చేసెదను. "ఇది సమయమా, కాదా" అను ప్రశ్నకు పంచాంగము చూచి చెప్పినట్లు ఊరంతటికి ఒకే జవాబు లేదు. ఒకే వీధిలో ఒక యింటికి ఇది మంచి సమయము కావచ్చును. ఎదుటి యింటికి కాకపోవచ్చును. ఆ భేదమును తేల్చునది కారు కాదు, మీ యింటి నెలసరి ప్రయాణపు లెక్క.

విద్యుత్తుతో నడచు బండి నిన్న మొన్న పుట్టినది కాదు. 1899 ఏప్రిలులో కెమిల్ జెనాట్జీ అను బెల్జియము దేశస్థుడు ఫ్రాన్సు దేశమున విద్యుత్తు కారునే నడపి గంటకు నూరు కిలోమీటర్ల వేగమును దాటెను. పెట్రోలు బండ్లు అప్పటికి ఆ వేగమును ఎరుగవు. పిమ్మట పెట్రోలు చౌకయైనది. 1912లో కాడిలాక్ కార్లకు చేతితో త్రిప్పుట కవసరము లేని విద్యుత్తు స్టార్టరు వచ్చినది. చిత్రమేమనగా, చిన్న విద్యుత్తు మోటారు ఒకటి పెట్రోలు బండిలో చేరి, పెద్ద విద్యుత్తు బండిని బాటమీదనుండి తరిమివేసినది. మన దేశమున 2001లో బెంగుళూరునందు 'రేవా' అను చిన్న విద్యుత్తు కారు వెలువడినది. సీసపు బ్యాటరీలతో పట్టణపు వీధులవరకే అది పనికివచ్చెడిది. 2020 జనవరిలో టాటావారి నెక్సాన్ విద్యుత్తు కారును, 2022 సెప్టెంబరులో 8 లక్షల 49 వేల రూపాయల తొలిధరతో టియాగో విద్యుత్తు కారును వచ్చినవి. అప్పటినుండియే ఈ సంగతి ధనికుల ముచ్చటగా గాక మధ్యతరగతి యిండ్ల ఆలోచనగా మారినది.

పొరుగువాని మాటను ముందుగా విచారింతము. తాళినచో చౌక యగునా? అయినది, ఇంకను కావచ్చును. 2010 ప్రాంతమున ఒక యూనిటు విద్యుత్తును నిలువచేయు లిథియము బ్యాటరీ వేయి డాలర్లకు పైమాట. 2024 నాటికి ప్రపంచపు సగటు ధర సుమారు 115 డాలర్లకు దిగినది. కారు వెలలో పెద్దపాలు బ్యాటరీదే గావున కారు ధరయు దిగుచున్నది. 2024 ఫిబ్రవరిలో నెక్సాన్ విద్యుత్తు కారు ధరను ఒక్కమారుగ లక్షా యిరువది వేలవరకు తగ్గించిరి. అంతకు పూర్వపు నెలలో కొనినవారి మనస్సు ఎట్లుండునో మీరే ఊహింపుడు. ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి యని పెద్దలు ఊరక అనలేదు.

అయినను ఈ తగ్గుదలను చూచి ఎల్లకాలము కూర్చుండుటయు తెలివి కాదు. పన్నుల తీరు అందుకు ఉదాహరణము. 2019 ఆగస్టు 1 నుండి విద్యుత్తు కార్లపై జి.యస్.టి. నూటికి 12 నుండి 5కు తగ్గినది. ఆ కాలమున చిన్న పెట్రోలు కారుపై 28 పాళ్లును, దానిమీద సెస్సును ఉండెను. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై పన్ను 18 పాళ్లకు దిగినది. విద్యుత్తు కార్లపై 5 పాళ్లే నిలిచినది. అనగా పెట్రోలు కారును చౌకయైనది. రెంటికి నడుమనున్న వెల వ్యత్యాసము చిన్న కార్ల విషయమున మరల పెరిగినది. విద్యుత్తు కారు అప్పుపై కట్టు వడ్డీకి ఆదాయపు పన్నులో లక్షా యాబది వేలవరకు మినహాయింపు నిచ్చు 80-ఇ.ఇ.బి. సెక్షను కూడ 2023 మార్చి 31 లోపల మంజూరైన అప్పులకు మాత్రమే వర్తించును. ఇప్పటికిని ఆ లాభము క్రొత్త కొనుగోలుదారునకు కలదని అంగడివారెవరైన చెప్పినచో నమ్మవలదు. కావున కాలము గడచిన కొలది అన్నియు కొనువానికి అనుకూలమే యగునను నమ్మకము లేదు. బ్యాటరీ వెల దిగును, రాయితీ పోవును. ఒకటి కలసివచ్చిన మరియొకటి జారును.

ఇక లెక్కకు వత్తము. ఇది కొంచెము ఓపికతో వినవలసిన భాగము. వడ్డీ లెక్కలు మీకు నేను నేర్పవలసినవి కావు.

చిన్న పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు నడచుననుకొందము. లీటరు 110 రూపాయలుగ చూచినచో కిలోమీటరుకు 6 రూపాయల 90 పైసలు. చిన్న విద్యుత్తు కారు, గోడ ప్లగ్గునుండి తీసికొనిన యూనిటుకు, వృథాపోవునది పోగా, సుమారు 6 కిలోమీటర్లు నడచును. యూనిటు వెల యెంత? ఇక్కడ పలువురు పొరపడుదురు. మన రాష్ట్రమున 2022లో నిర్ణయించిన గృహ విద్యుత్తు ధరలలో మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు. వాడకము పెరిగిన కొలది ధర పెరిగి, 225 దాటిన పిమ్మట 8 రూపాయల 75 పైసలు, 400 దాటినచో 9 రూపాయల 75 పైసలు. ఇంటిలో ఫ్యాన్లు, ఫ్రిజ్జు, టెలివిజను, వేసవిలో ఏసీ ఇదివరకే 200 యూనిట్లు త్రాగుచుండగా, కారు త్రాగునదంతయు పై మెట్టు ధరకే వచ్చును. దిగువ మెట్టు ధరతో గుణించి, "కిలోమీటరుకు అర్ధరూపాయే" అని చెప్పు లెక్క సరికాదు. 8 రూపాయల 75 పైసల చొప్పున కిలోమీటరుకు రూపాయిన్నర యని పట్టుకొనుడు. బిల్లులోని సర్దుబాటు చార్జీలు వేరు. ఎట్లయినను కిలోమీటరుకు 5 రూపాయలకు పైగా మిగులును. ఆయిలు మార్పించుట, క్లచ్చు వేయించుట లేదు గావున ఆ మిగులును 5 రూపాయల 50 పైసలుగ ఉంచుదము.

చిన్న కార్లలో పెట్రోలు బండికిని విద్యుత్తు బండికిని వెలలో మూడు, నాలుగు లక్షల భేదముండును. మూడున్నర లక్షలనుకొనుడు. ఈ అదనపు సొమ్మునకు బ్యాంకు వడ్డీ సాలుకు 9 పాళ్లు. మన మాటలో నూటికి నెలకు ముప్పావలా. అనగా నెలకు 2,625 రూపాయలు.

పులివెందుల ప్రక్కన చీనీతోట గల రైతును తలచుకొందము. తోటకు పోవును, వచ్చును. వారమున కొకమారు పట్టణము. ఎప్పుడైన ఒక పెండ్లి. నెలకు 500 కిలోమీటర్లు. అతనికి మిగులునది 2,750 రూపాయలు. వడ్డీ 2,625. నెలకు 125 రూపాయలు చేతికి వచ్చినవి! అసలు తీరుట ఈ జన్మలో లేదు. ఈ రైతు నేడు విద్యుత్తు కారు కొనుట, డబ్బు దృష్టితో, తగదు. అతని మోటారు సైకిలు అరిగినచో విద్యుత్తు స్కూటరు కొనుట వేరు సంగతి. దానికి అదనపు వెల తక్కువ, రోజువారీ తిరుగుడు ఎక్కువ.

ప్రొద్దుటూరులో కాపురముండి జమ్మలమడుగులో ఉద్యోగము చేయు ఉపాధ్యాయుని చూడుడు. పోను ఇరువది చిల్లర, రాను ఇరువది చిల్లర. నెలకు 25 దినములకు వేయి కిలోమీటర్లు దాటును. అతనికి 5,500 రూపాయలు మిగులును. వడ్డీ పోగా మిగిలినది అసలుకు జమ కట్టుచు పోయినచో ఏడేండ్ల పైచిలుకునకు తీరును. ఈ కార్ల బ్యాటరీకి సాధారణముగా ఇచ్చు వారంటీ 8 ఏండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు. అనగా ఇతడు గట్టుమీద నిలిచినవాడు. దిగవచ్చును, ఆగవచ్చును.

ఇక ప్రొద్దుటూరు వస్త్రవ్యాపారి. నేడు కడప, రేపు మైదుకూరు, ఎల్లుండి జమ్మలమడుగు. నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగును. ప్రతి రాత్రి ఇల్లు చేరును. అతనికి నెలకు 11,000 మిగిలి, మూడేండ్లకే అదనపు వెల వడ్డీతో గూడ తీరిపోవును. ఆపై మిగులే. ఇట్టివాడు ఇంకొక రెండేండ్లు ధర తగ్గునని కూర్చుండినచో, తగ్గెడి లక్షకంటె ఆ రెండేండ్లలో పెట్రోలు బంకులో పోయునదే ఎక్కువ. ఇతనికి ఇది సమయమే.

ఈ లెక్కలో మీ మీ అంకెలు వేసికొనుడు. నెలకు వేయి కిలోమీటర్లను గట్టుగా పెట్టుకొనిన పెద్దగా పొరపాటు రాదు. గత యేడు పెట్రోలునకు ఎంతయినదో బంకు రసీదులు చెప్పును; కుమారుని మాటకంటె అవి గట్టి సాక్ష్యము.

బ్యాటరీ లేకుండ కారును మాత్రము కొని, బ్యాటరీకి కిలోమీటరు చొప్పున బాడుగ కట్టు పద్ధతియు 2024 సెప్టెంబరులో ఎం.జి. విండ్సర్ కారుతో వచ్చినది. కారు వెల 9 లక్షల 99 వేలు, బాడుగ కిలోమీటరుకు మూడున్నర రూపాయలు అని ప్రకటించిరి. భూమి కొనక కౌలుకు చేసినట్లన్నమాట. చేతినుండి ముందు పడు సొమ్ము తగ్గును. కాని మూడున్నర బాడుగకు రూపాయిన్నర కరెంటు చేర్చిన అయిదు రూపాయలు; పెట్రోలుకంటె మిగులు రెండు రూపాయలకు లోపే. కౌలుకు తీసికొనువాడు పంట వచ్చినను రాకున్నను కట్టవలసిన మొత్తము ఏదో ముందు తెలిసికొనును గదా. ఇందును తిరిగినను తిరుగకున్నను నెలకు కట్టవలసిన కనీసపు మొత్తమెంతో కాగితములో చదివించుకొని పిమ్మట వ్రేలు పెట్టుడు.

డబ్బు లెక్క అనుకూలించినను, కారు రాత్రి ఎక్కడ నిద్రించును అను ప్రశ్న కలదు. విద్యుత్తు కారునకు ఇంటి కొట్టమే బంకు. సొంత యిల్లు, లోపల నిలుపుటకు చోటు, 16 ఆంపియర్ల మంచి ప్లగ్గు ఉన్నచో చాలును; చిన్నకారు ఖాళీనుండి నిండుటకు రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలు పట్టును. పట్టణమున బాడుగ యింటి మేడమీద నుండి, క్రింద వీధిలో కారు నిలుపువారికి ఈ సదుపాయము లేదు. వారు బయటి చార్జింగు కేంద్రములనే నమ్మవలెను. అక్కడ యూనిటుకు సాధారణముగా 15 మొదలు 25 రూపాయలవరకు పుచ్చుకొందురు గావున, పైన వేసిన లెక్క వారికి సగము చెడును.

సొంత యిల్లున్నవారును పాత తీగలతో ఈ పని చేయరాదు. పదిగంటలపాటు ఎడతెగక పదునైదు ఆంపియర్లు లాగు వస్తువు మన యిండ్లలో ఇదివరకు లేదు. మిక్సీ నిముషము తిరుగును, ఇస్త్రీపెట్టె పదినిముషములు కాగును. కారు తెల్లవార్లు లాగును. కావున మీటరు నుండి ప్రత్యేకమైన లావు తీగ, దానికి వేరు స్విచ్చు వేయింపవలెను. ఒకటి, రెండు కిలోవాట్ల లోడుతో కనెక్షను తీసికొనిన పాత యిండ్లవారు దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఆఫీసులో దరఖాస్తు పెట్టి లోడు పెంచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము భూమికి కలుపు ఎర్తు తీగ. జమ్మలమడుగు, యర్రగుంట్ల ప్రాంతమున అడుగు త్రవ్వగనే నాపరాయి తగులును. ఎండిన రాతినేలలో ఎర్తు సరిగా దిగదు. ఎర్తు సరిలేనిచోట చాల కార్లు అసలు చార్జి పుచ్చుకొననే పుచ్చుకొనవు. ఎర్రదీపము వెలిగించి ఊరకుండును. కారు పాడైనదని తలచి కంపెనీవారిని పిలిచి తగవులాడుదురు. గుంటను లోతుగ తీయించి, బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో నాలుగు కడవల నీరు పోయించుచుండినచో ఆ తగవు రాదు.

ఒక మాట కటువుగ చెప్పక తప్పదు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిన నాడు పులివెందుల వాస్తవ్యులగు వై.యస్. రాజశేఖరరెడ్డిగారు రైతులకు ఉచిత విద్యుత్తు నిచ్చు దస్త్రముపై తొలి సంతకము చేసిరి. ఆ కరెంటు బోరు మోటారునకు, చేనికి. తోటలోని స్టార్టరు పెట్టెనుండి తీగ లాగి కారునకు పెట్టుట ఉపాయమని కొందరు చెప్పుకొందురు. అది చట్టవిరుద్ధము, పట్టుబడినచో అపరాధము కట్టవలెను. పైగా బోర్లు తిరుగువేళ వోల్టేజి పడుచు లేచుచుండుట ఎరుగని రైతు లేడు. పదివేల మోటారు కాలినపుడే ఏడ్చుచుంటిమి, పదిలక్షల వస్తువును దానికి కట్టివేయుదుమా?

చౌక కరెంటు కావలయుననినచో ధర్మమైన దారి యొకటి కలదు. మన సీమకు వానలేదు గాని ఎండకు కొదువ లేదు. మైలవరము మండలపు మెట్టలలో సూర్యఫలకములు పరచి విద్యుత్తు తీయుచున్న సంగతి మీరు చూచియేయుందురు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.యం. సూర్యఘర్ పథకము క్రింద ఇంటి మిద్దెపై 3 కిలోవాట్ల ఫలకములకు కేంద్రప్రభుత్వము 78,000 రూపాయల సహాయమును నిర్ణయించినది. అంతటి ఫలకములు మన యెండలో నెలకు సుమారు 350 యూనిట్లు ఇచ్చును. పగలు తీగలోనికి పోసినది రాత్రి వాడుకొనినదానితో చెల్లుబడి యగును గనుక, ఇంటి వాడకమును, వస్త్రవ్యాపారి కారు త్రాగుదానిలో సగమును దీనితో తీరును. మిద్దె గలవారు ముందు ఫలకములు, తరువాత కారు అను వరుసను పాటించుట మేలు. కారు కొనకున్నను ఫలకములు నష్టము కావు.

పొగలేని బండి యను మాటను గూర్చి కొంచెము. ప్రొద్దుటూరు వీధిలో దానికి పొగ లేదు, నిజమే. కాని ముద్దనూరు దగ్గర కలమళ్ల వద్ద 1,650 మెగావాట్ల రాయలసీమ తాప విద్యుత్కేంద్రము బొగ్గునే కాల్చుచున్నది. మన ప్లగ్గులోనికి వచ్చు కరెంటులో ఆ బొగ్గు పాలు కలదు. మొత్తముమీద పెట్రోలుకంటె మేలనుట సరియే. పుణ్యమంతయు కట్టుకొనితిమనుట సరికాదు.

మన యెండల మాట అడుగవలసినదే. ఏప్రిలు, మే మాసములలో నలువది రెండు, నలువది మూడు డిగ్రీలు మనకు వింత కాదు. లిథియము బ్యాటరీకి వేడి హితము కాదు. అందులోను ఎండలో నిలిపి నిండుగ చార్జి చేసి యుంచుట, ఎండలో దూరము పోయి వచ్చి వెంటనే పెద్ద యంత్రముతో చార్జి పెట్టుట దాని ఆయువును తగ్గించును. లిథియము ఐరన్ ఫాస్ఫేటు అను రకపు బ్యాటరీలు వేడికి తక్కిన రకములకంటె ఓర్చును. నిప్పంటుకొను భయమును వానికి తక్కువ. ఏ రకపు బ్యాటరీ యనియు, దానిని చల్లబరచుటకు ద్రవము ప్రవహించు ఏర్పాటు కలదా యనియు అంగడిలో అడుగుడు. 2022 వేసవిలో విద్యుత్తు స్కూటర్లు తగులబడిన వార్తలు విని భయపడినవారు చాలమంది కలరు. ఆ భయము నిర్హేతుకము కాదు. ఆ పిమ్మట ప్రభుత్వము బ్యాటరీ పరీక్షల నిబంధనలను కఠినపరచి, 2022 డిసెంబరు నుండియు 2023 మార్చి నుండియు రెండు విడతలుగ అమలుజరిపినది. ఇంటివద్ద రేకుల కొట్టము కంటె వేపచెట్టు నీడ కారునకు మేలు. అర్ధరాత్రి దాటి చల్లబడిన పిమ్మట చార్జి యగునట్లు గడియారము పెట్టుకొను ఏర్పాటు చాల కార్లలో కలదు.

దూరప్రయాణము మరియొక పరీక్ష. పుస్తకములో 315 కిలోమీటర్లని వ్రాసిన చిన్నకారు నలుగురు కూర్చుండి, చల్లనిగాలి వేసికొని, పెద్దబాటపై పోయినచో 200 కిలోమీటర్లకు మించునని నమ్మరాదు. ప్రొద్దుటూరు నుండి కడపకు యాబది చిల్లర. పోయి వచ్చుట సులభము. తిరుపతికి సుమారు 190. నడుమ ఎక్కడనో గంటసేపు ఆగి నింపుకొనకున్న గుండె దడదడలాడును. హైదరాబాదునకు 400 దరిదాపు, రెండుమార్లు ఆగవలెను. ఆగిన చోట యంత్రము పనిచేయుచుండవలెను, మనకు ముందు మరియొక కారు ఉండరాదు. తిరుమల కొండపై నడచిన ఉచిత విద్యుత్తు బస్సు నొకదానిని 2023 సెప్టెంబరులో ఒకడు తెల్లవారుజామున దొంగిలించి పరుగెత్తించెను. నాయుడుపేట దగ్గర చార్జి అయిపోయి, బస్సును విడిచి పరారయ్యెను. దొంగకు సహితము దూరపు లెక్క తెలియకున్న పని చెడునని నవ్వుకొంటిమి.

అదే తిరుమల కొండ ఈ బండ్ల గుణమును కూడ చూపును. 2022 సెప్టెంబరు నుండి మన ఆర్.టి.సి. విద్యుత్తు బస్సులు ఆ ఘాటుబాటలో నడచుచున్నవి. ఎక్కునపుడు కరెంటును విరివిగ త్రాగును. దిగునపుడు మోటారు వెనుకకు పనిచేసి, బ్రేకులో వృథాగ వేడియై పోవలసిన శక్తిలో కొంతను తిరిగి బ్యాటరీకి చేర్చును. గండికోట మిట్టకు, ఘాటుబాటలకు పోవువారు ఈ గుణమును స్వయముగ చూడవచ్చును.

నవ్వులాట విడిచి మన వయస్సువారికి నిజముగ సంబంధించిన సంగతి చెప్పెదను. పల్లెలో కారు కొనుట షికారునకు మాత్రమే కాదు. నడిరేయి ఎదలో నొప్పి వచ్చినచో జమ్మలమడుగు కాంప్‌బెల్ ఆస్పత్రికో, కడప పెద్దాస్పత్రికో, అక్కడివారు పొమ్మన్నచో తిరుపతికో, వేలూరుకో పోవలెను. ఆ రాత్రి కారులో పది పాళ్లే చార్జి ఉన్నదనిన ఏమి కావలెను? పెట్రోలయినచో దారిలో అయిదు నిముషములలో పోయించుకొందుము. కావున విద్యుత్తు కారు గల యింట, పగలు ఎంత తిరిగినను, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట సగమునకు తక్కువ ఉండగూడదు అను కట్టుబాటు, దీపము పెట్టినంత నియమముగ సాగవలెను. గాలివానకు స్తంభములు పడి రెండు దినములు కరెంటు రాని పల్లెలలో ఈ కట్టుబాటు మరియు ముఖ్యము. ఇంటిలో ఇదివరకే ఒక పెట్రోలు బండి యుండి రెండవదానిగ దీనిని తెచ్చువారికి ఈ బాధ లేదు. ఒక్క కారే దిక్కయిన యింట, అందును ముసలివారు, గర్భిణులు ఉన్న యింట, పెద్ద బ్యాటరీ గల కారును కొనగల స్తోమతు లేనిచో ఇంకను కొంతకాలము పెట్రోలు కారుతోనే యుండుట పిరికితనము కాదు.

ఇక మరమ్మతు. మన ఊరి మెకానిక్కు పెట్రోలు ఇంజనును చీకటిలోనైన విప్పి బిగించును. విద్యుత్తు కారు బ్యాటరీపెట్టెను మాత్రము అతడు తాకరాదు. ఏ కంపెనీవారికి ప్రొద్దుటూరులోనో కడపలోనో విద్యుత్తు కార్లను బాగుచేయు నేర్పరులు కలరో విచారించి ఆ కంపెనీ కారునే తీసికొనుడు. దారిలో నిలిచిపోయినచో త్రాటితో కట్టి ఈడ్చరాదు, లారీపై ఎక్కించి తేవలెనని డ్రైవరునకు చెప్పియుంచుడు.

కొందరు సగము ధరకు వాడిన కారును కొనజూతురు. ధర వేగముగ దిగుచున్న వస్తువు గనుక వాడినది నిజముగనే చౌకగ దొరకును. ఒకరి నష్టము మరియొకరి లాభము. జత యెడ్లను కొనునపుడు పండ్లు చూడక, గిట్టలు చూడక, సుడులు చూడక పగ్గము పట్టము గదా. ఈ కారునకు బ్యాటరీయే పండ్లు. దాని బలము నూటికి ఎంత నిలిచియున్నదో కంపెనీ కార్ఖానాలో యంత్రముపై చూపించి కాగితము వ్రాయించుకొనుడు. వారంటీ క్రొత్త యజమానికి కూడ చెల్లునా, తొలి యజమానికి మాత్రమేనా అనునది మరియు ముఖ్యము. జీవితకాలపు హామీ అని ప్రకటించు కంపెనీలలో కొన్ని ఆ హామీని తొలి యజమానికే ఇచ్చి, రెండవవానికి ఏండ్లను తగ్గించుచున్నవి.

క్రొత్త కారైనను, పాతదైనను, బయానా ఇచ్చుటకు ముందు ఒక పని చేయుడు. చల్లని ఉదయమున అంగడివారు త్రిప్పి చూపు నాలుగు వీధుల షికారుతో తృప్తిపడవలదు. ఎండ మండు మధ్యాహ్నము పన్నెండు గంటలకు, నలుగురిని ఎక్కించి, చల్లనిగాలి వేయించి, ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగు మీదుగ గండికోటకు పోయి రండు. బయలుదేరునపుడు అద్దములో కనబడు శాతమును, దూరమును కాగితముపై వ్రాసికొనుడు. తిరిగివచ్చిన పిమ్మట మరల వ్రాసికొనుడు. తగ్గిన శాతముతో నడచిన దూరమును భాగించి, నూటితో హెచ్చించిన వచ్చునదే మన యెండలో, మన బాటలో ఆ కారు నిజముగ పోగల దూరము. ఆ కాగితమును బంకు రసీదుల ప్రక్కన పెట్టుకొని, ఇంటిలో అందరిని కూర్చుండబెట్టి, నగల విషయము అప్పుడు మాటలాడవచ్చును.